గోదావరిఖని దగ్గర గుట్టలు ఎందుకు పెరుగుతున్నాయి? గని మూసేశాక ఆ నేల ఏమవుతుంది?

మీరు అడిగినవి మూడు. రాజీవ్ రహదారి మీద మంచిర్యాల వెళ్లే ప్రతిసారీ గోదావరిఖని చుట్టూ గుట్టలు ఇంకాస్త పెరిగినట్టు కనిపిస్తున్నాయి, నది పక్కన చదునుగా ఉండాల్సిన చోట ఇవెక్కడివని. గనులు మూతపడ్డాక జర్మనీలో చేసినట్టు ఇక్కడ కూడా చెరువులు చేయొచ్చు కదా అని. ఆ చుట్టుపక్కల ప్లాటు కొంటే ఏమైనా ఇబ్బందా అని. బొగ్గు గనుల్లో సర్వేయర్‌గా పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను. కొంచెం పెద్ద సమాధానమే అవుతుంది. గుట్ట కథ అర్థమైతే మిగతా రెండింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

మొదట లోయ సంగతి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ దాకా దారంతా గ్రానైట్ గుండ్లు, బండలు. పెద్దపల్లి దాటి రామగుండం చేరేసరికి ఆ బండలు అయిపోయి ఇసుకరాయి మొదలవుతుంది. గడ్డపారతో కొడితే రాలిపోయే రకం కూడా ఉంటుంది అందులో. దాదాపు 30 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ భూమి పొడుగునా రెండు పగుళ్లు పడి, వాటి మధ్య పట్టీ మెల్లమెల్లగా కుంగుతూ వచ్చింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అసిఫాబాద్ అవతల నుంచి సత్తుపల్లి దాకా పోతుంది ఆ పట్టీ. కుంగిన కొద్దీ నదులు తెచ్చిన ఇసుక, ఒండ్రు, కూలిన అడవులు అందులో పేరుకున్నాయి. అన్నిటికంటే అడుగున మంచుయుగంలో హిమానీనదాలు వదిలిన గులకరాళ్ల పొర ఉంటుంది. దాని మీద బొగ్గు పొరలు. ఇంకా పైన, చాలా తర్వాతి కాలపు పొరల్లో రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిందే.

గోదావరి ఈ లోయను తవ్వుకుందని చాలామంది అనుకుంటారు. లోయ నదికంటే చాలా పాతది. ఉత్తరం నుంచి ప్రాణహిత ఆ కుంగిన పట్టీలోనే దిగుతుంది. పడమటి నుంచి గట్టి రాళ్ల మీదుగా వచ్చిన గోదావరి మంచిర్యాల దగ్గర మెత్తటి నేల దొరకగానే అందులోకి దిగి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని భద్రాచలం వైపు పోతుంది. మెత్తటి రాయి త్వరగా అరిగిపోతుంది కాబట్టి ఈ ప్రాంతమంతా పల్లంగా, వాగులతో, చెరువులతో, నల్లరేగడి చెలకలతో ఉండేది. మీరు చదునుగా ఉండాలని అనుకున్నది సరైనదే. ఒకప్పుడు అలాగే ఉండేది.

బొగ్గు పొరలు ఈ లోయలో పళ్లెంలో పరిచినట్టు చదునుగా లేవు. అంచుల దగ్గర నేల పైకి తేలి, మధ్యకు పోయిన కొద్దీ ఏటవాలుగా లోతుకు దిగుతాయి. అసిఫాబాద్, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని అన్నీ ఒకే వరుసలో ఎందుకున్నాయో పటం చూస్తే తెలుస్తుంది. ఆ వరుస లోయ నైరుతి అంచు. బొగ్గు పైకి తేలిన చోటే ఊళ్లు వెలిశాయి. కాజీపేట నుంచి బల్లార్షా రైలు మార్గం కూడా చాలా దూరం ఆ అంచునే పట్టుకుని పోతుంది. ఈ ఏటవాలు సంగతి గుర్తుపెట్టుకోండి. గుట్టలకు అసలు కారణం అదే.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ హక్కులు తీసుకుంది, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. జనం ఇప్పటికీ ఇల్లందును బొగ్గుట్ట అంటారు. 1920 డిసెంబర్ 23న కంపెనీ సింగరేణి కాలరీస్‌గా మారింది. ఆ తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, 1960 ప్రాంతంలో గోదావరిఖని, తర్వాత మణుగూరు, భూపాలపల్లి. ఇప్పుడు ఆరు జిల్లాల్లో గనులున్నాయి. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

మొదటి ఎనభై ఏళ్లకు పైగా గనులన్నీ భూగర్భ గనులే. బాయి దిగడం అంటే ఇంక్లైన్‌లో (వాలు సొరంగంలో) నడిచో, షాఫ్ట్‌లో (నిలువు బావిలో) కేజ్ ఎక్కో లోపలికి పోవడం. బొగ్గును తట్టతో, చెమ్మాస్‌తో (పారతో) ఎత్తి టబ్బుల్లో నింపేవాళ్లు. ఆ రోజుల్లో పైన నేల పెద్దగా మారలేదు. చింతచెట్లు, తాటిచెట్లు, చేలు అలాగే ఉండేవి. మధ్యలో ఒక ఇంక్లైన్ మొగ, ఫ్యాన్ హౌస్, ల్యాంప్ రూమ్, కొంచెం దూరంలో వరుస క్వార్టర్లు. మార్పంతా కిందే జరిగింది, పైవాళ్లకు కనపడలేదు.

1970ల మధ్యలో ఓపెన్‌కాస్టు వచ్చింది, లెక్క తిరగబడింది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద ఉన్న మట్టి, రాయి మొత్తం ఎత్తి పక్కన పోయాలి. దాన్నే ఓబీ (ఓవర్‌బర్డెన్) అంటాం. మీరు చూసే గుట్టలు ఓబీ డంపులు. 2023-24లో సింగరేణి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది, అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా ఓపెన్‌కాస్టుల నుంచే. దానికోసం తీస్తున్న ఓబీ ఏడాదికి సుమారు 40 కోట్ల ఘనపు మీటర్లు. 10 మీటర్ల మందాన పరిస్తే 40 చదరపు కిలోమీటర్ల నేల కప్పుకుపోతుంది. ఏటా. మీకు ప్రతిసారీ గుట్ట పెరిగినట్టు కనిపించడంలో భ్రమేమీ లేదు.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. తవ్విన మట్టిని మళ్లీ అదే గుంతలో పోసేస్తే సరిపోతుంది కదా? లెక్క వేస్తే నిజంగానే సరిపోవాలి, మిగలాలి కూడా. ఒక టన్ను బొగ్గుకు సుమారు 6 ఘనపు మీటర్ల ఓబీ తీస్తున్నాం. టన్ను బొగ్గు భూమిలో ఆక్రమించేది ముప్పాతిక ఘనపు మీటరు కూడా ఉండదు. బ్లాస్టింగ్‌లో పగిలిన రాయి ఉబ్బుతుంది. 6 కాస్తా 7, ఏడున్నర అవుతుంది. అంటే బొగ్గు వదిలిన ఖాళీకంటే రాయి ఉబ్బిన ఉబ్బే ఎక్కువ. ఆ లెక్కన గని మూసేసరికి గుంత ఉండకూడదు, నేల కొంచెం ఎత్తు పెరగాలి అంతే.

కానీ గుట్టా మిగులుతుంది, గుంతా మిగులుతుంది. ఎందుకంటే గని ఒక్కరోజులో తవ్వేది కాదు. బొగ్గు పైకి తేలిన అంచు దగ్గర మొదటి కోత పెడతారు. అప్పటికి వెనక ఖాళీ లేదు, కాబట్టి ఆ ఓబీ బయటి నేల మీద పోయాల్సిందే. అదే రోడ్డు మీంచి కనిపించే బయటి డంపు. పొర ఏటవాలుగా దిగుతుంటే గని దాని వెంటే ముందుకు, లోతుకు పోతుంది. కొన్నేళ్లకు వెనక ఖాళీ ఏర్పడుతుంది, అప్పటి నుంచి కొత్త ఓబీని లోపల పోస్తారు. అది బ్యాక్‌ఫిల్లింగ్. చివరికి ఎక్కడో ఆపాలి. ఆపే చోట గని అన్నిటికంటే లోతుగా ఉంటుంది. ఆ చివరి కోతలో పోయడానికి ముందు నుంచి వచ్చే ఓబీ ఇక ఉండదు. బయటి డంపును తిరిగి తవ్వి, డంపర్లలో అన్ని కిలోమీటర్లు మోసి ఇందులో పోయొచ్చు. డీజిల్ ఖర్చుకు భయపడి ఎవరూ పోయరు. కాబట్టి పటంలో ఒక గుట్ట చూశారంటే దాని జంట గుంత ఏ వైపు ఉంటుందో ముందే చెప్పొచ్చు. పొర వాలు ఏ దిక్కుకో, గుంత ఆ దిక్కున ఉంటుంది. గోదావరిఖని చుట్టుపక్కల ఆ వాలు స్థూలంగా ఈశాన్యానికి, లోయ మధ్యకు. నదీ అటువైపే.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓపెన్‌కాస్టులు ఊళ్లను బొందలగడ్డ చేస్తున్నాయని బాగా వినపడేది. ఆ మాటలో కోపం ఎంత ఉందో వాస్తవమూ అంతే ఉంది. నా అభిప్రాయం ఏమిటంటే, బయటి డంపు ఎక్కడ వేయాలన్న నిర్ణయం గని మొదలయ్యే ముందే కాగితం మీద అయిపోతుంది. ఊరి జనం మాట్లాడేది గుట్ట కనపడ్డాక. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. ప్రజాభిప్రాయ సేకరణలో పరిహారం మీద ఎంత పట్టుబడతారో, డంపు ప్లాన్ మీద, చివరి గుంత కొలతల మీద కూడా అంత పట్టుబట్టాలి.

డంపు దగ్గరికి పోయి చూస్తే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఒక్కో మెట్టు 30 మీటర్ల ఎత్తు, తర్వాత కొంత చదును, మళ్లీ మెట్టు. విడి రాయి తనంతట తాను నిలిచే వాలు సుమారు 37 డిగ్రీలు. మొత్తం డంపు వాలు మాత్రం 28 డిగ్రీలు దాటకూడదని నిబంధన, అందుకే ఈ మెట్లు. నాలుగు మెట్లు వేస్తే 100 మీటర్లు దాటుతుంది. చుట్టుపక్కల సహజమైన గుట్టలకు పోటీ వస్తుంది. కొత్త డంపు తెల్లగా, బూడిదరంగులో మెరుస్తుంది. బొగ్గు పొరలతో కలిసి ఉండే బరాకర్ అనే ఇసుకరాయి రంగది. ఒక వాన పడితే చాలు, వాలు మీద చారలు చారలుగా గండ్లు పడతాయి. ఆ ఇసుక కిందకు కొట్టుకొచ్చి పక్క చేలల్లో మేట వేయకుండా చుట్టూ కాలువ, రాళ్ల గట్టు కడతారు. కాలువ పూడిక తీయని ఏడు రైతుకు నష్టమే. పాత డంపుల మీద సుబాబుల్, వెదురు, వేప పెరిగి పచ్చగా ఉంటాయి. దూరం నుంచి అడవి అనిపిస్తుంది. ఆకురాలే కాలంలో లోపలికి నడిస్తే తేడా తెలుస్తుంది. చెట్లన్నీ ఒకే వయసువి, కింద పొద లేదు, పుట్ట లేదు. తవ్వేటప్పుడు పైనున్న రెండడుగుల నల్లమట్టిని వేరుగా తీసి దాచి, చివర్లో డంపు మీద పరిచిన చోట పరిస్థితి చాలా మెరుగ్గా ఉంటుంది. ఆ ఒక్క పని చేశారా లేదా అన్నదే ఇరవై ఏళ్ల తర్వాత కంటికి కనిపించే తేడా.

మనుషుల సంగతి ఒక్క మాట. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా పని చేసేవారు, ఉత్పత్తి 2 కోట్ల టన్నుల లోపే. ఇప్పుడు మనుషులు 40 వేల చుట్టూ, ఉత్పత్తి మూడు రెట్లు దాటింది. బెల్లంపల్లి బజారు ఖాళీ అవడానికీ, గోదావరిఖని గుట్టలు పెరగడానికీ కారణం ఒకటే, భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు రావడం.

ఇప్పుడు జర్మనీ చెరువుల ప్రశ్న. మీరు చూసిన వీడియో లుసాటియా ప్రాంతానిదై ఉంటుంది, తూర్పు జర్మనీలో, పోలండ్ సరిహద్దు దగ్గర. అక్కడ లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గుంతలను వరుసగా నీళ్లతో నింపి సరస్సులు చేశారు. కాట్‌బుస్ పక్కన 2019లో నింపడం మొదలుపెట్టిన సరస్సు ఒక్కటే 19 చదరపు కిలోమీటర్లు. చూడ్డానికి బాగుంటుంది. కానీ అక్కడి నేల మనలాంటిది కాదు. అది వదులు ఇసుక. నీళ్లు పైకెక్కేటప్పుడు ఆ ఇసుక ఒక్కసారిగా జారిపోతుంది. 2009 జూలైలో అక్కడికి బాగా పడమటనున్న నాఖ్టర్‌స్టెట్ అనే ఊళ్లో సరస్సు గట్టు జారి ఇళ్లు కూలాయి, ముగ్గురు పోయారు. పైగా లుసాటియా పొరల్లో గంధకం ఎక్కువ, అక్కడి స్ప్రే నది నీళ్లు తుప్పు రంగులోకి మారేది అందుకే.

మనకు ఈ రెండు విషయాల్లో అదృష్టం ఉంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి గుంత నీళ్లు అంతగా పులిసిపోవు (ఆమ్లంగా మారవు). గోడలు ఇసుకరాతివి, వదులు ఇసుక కాదు. ఇప్పటికే మూతపడ్డ గుంతల్లో నీళ్లు నిలిచి చేపలు పెంచుతున్న చోట్లున్నాయి. గని నీటిని పక్క ఊళ్లకు, చెరువులకు పంపడం ఎప్పటి నుంచో ఉంది. మన సమస్య వేరు. మన గుంతలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. 150 మీటర్లు దాటినవి మామూలే. ఒడ్డు అనేది ఉండదు, నిలువు మెట్లే. ఊరి చెరువులో పశువులు దిగి నీళ్లు తాగుతాయి, మత్తడి దూకుతుంది, ఎండాకాలం శిఖంలో పుచ్చకాయ వేస్తారు. గుంతలో అవేవీ కుదరవు. ఈత వచ్చినవాళ్లు కూడా పట్టు దొరక్క మునిగిపోతారు. కాబట్టి చెరువు అనే మాట వాడే ముందు కనీసం ఒక వైపు గోడను వాలుగా కోసి ఒడ్డు చేస్తున్నారా అని అడగాలి. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక, దానికోసం విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయడం తప్పనిసరి. అడిగే హక్కు మనకుంది.

ఈ లోతునే వాడుకునే ఆలోచన ఒకటి సింగరేణి చేస్తోంది. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టాలన్నది ప్రతిపాదన. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు గుంతలోని నీటిని పైకి తోడి, రాత్రి కిందకు వదిలి కరెంటు తీస్తారు. గుట్ట ఎత్తు, గుంత లోతు రెండూ పనికొచ్చేది ఇందులోనే. సరస్సు పక్కన పార్కు బెంచీలకంటే ఇది నాకు నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

చివరగా ప్లాటు. అందరూ ఓపెన్‌కాస్టు గుట్టను చూసి భయపడతారు. నేనైతే కనపడని పాత భూగర్భ గని గురించి ఎక్కువ ఆలోచిస్తాను.

భూగర్భ గనిలో మొదట వీధులు తీసినట్టు గ్యాలరీలు తీసి మధ్యలో బొగ్గు పిల్లర్లు వదులుతారు. ఆ దశలో పైన నేలకు ఏమీ కాదు. తర్వాత ఆ పిల్లర్లను కూడా వెనక్కి తీసుకుంటూ వస్తారు, అది డీపిల్లరింగ్. అప్పుడు పైకప్పు కూలుతుంది, ఆ కూలిన చోటును గోఫ్ అంటాం. పైన నేల కుంగుతుంది. పత్తి చేలో పొడుగ్గా, అరచెయ్యి పట్టేంత వెడల్పున పగులు కనిపిస్తుంది. పక్కన నేల ఒక జానెడు దిగి ఉంటుంది. ఎండాకాలం తెల్లవారుజామున ఆ పగుల్లోంచి సన్నగా ఆవిరి వస్తుంటే మేం వెంటనే మట్టి కొట్టించేవాళ్లం. గాలి లోపలికి పోతే గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంతట తానే అంటుకుంటుంది కాబట్టి. పైన రైలు పట్టాలో, ఊరో, వాగో ఉన్న చోట తీసిన ఖాళీలో నీళ్లతో ఇసుక కొట్టి నింపుతారు. అలా స్టోయింగ్ చేసిన చోట కుంగుబాటు చాలా తక్కువ. ఆ ఇసుక ఏళ్ల తరబడి గోదావరి నుంచే వచ్చింది. ఇప్పుడు ఓబీని పొడి చేసి ఇసుకగా వాడుతున్నారు, నదికి అది మంచిదే.

డీపిల్లరింగ్ అయిన నేల చాలావరకు ఒకటి రెండేళ్లలో కుంగాల్సినంత కుంగి నిలిచిపోతుంది. ఇబ్బందల్లా తక్కువ లోతులో పిల్లర్లు వదిలేసి, నీళ్లు నిండి, మూసేసిన పాత పనులతో. దశాబ్దాల తర్వాత పిల్లరు రాలి ఒక వానాకాలం నేల ఉన్నట్టుండి బావిలా దిగొచ్చు. ఆ నీళ్లు ఎంత ప్రమాదమో లోపల పని చేసినవాళ్లకు తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు.

కాబట్టి కొనే ముందు మూడు విషయాలు తెలుసుకోండి. మొదటిది, ఆ సర్వే నంబరు కింద తవ్వకం జరిగిందా, జరిగితే ఎంత లోతులో, పిల్లర్లు తీశారా, ఇసుక నింపారా. ఇవి ఈసీలో ఉండవు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెప్పరు. సింగరేణి ఏరియా సర్వే ఆఫీసులో గని ప్లాన్ ఉంటుంది. మూసేసిన గనుల ప్లాన్లు గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్‌కు కూడా ఇవ్వాలని చట్టం. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జీవో 76 పట్టా (సింగరేణి స్థలాలను క్రమబద్ధీకరించి ఇచ్చేది) ఉంది కదా, టెన్షన్ లేదు అని అమ్మేవాళ్లు అంటారు. ఆ పట్టా పైన స్థలం ఎవరిదో చెప్తుంది, కింద ఏముందో చెప్పదు. రెండోది, అది బ్యాక్‌ఫిల్ చేసిన నేలా? అయితే ఇల్లు కట్టే ఆలోచన మానుకోండి, పోసిన రాయి ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. మూడోది, పనిచేస్తున్న ఓపెన్‌కాస్టు ఎంత దూరం. దగ్గరైతే బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారడమే కాదు, బోరు నీళ్లు కూడా గని వైపు దిగిపోతాయి. ఎండాకాలం పక్కింటి బోరు ఎంత లోతు వేశారో అడిగితే మీకే తెలుస్తుంది. గని మూసి పంపింగ్ ఆపాక నీళ్లు మళ్లీ పైకొస్తాయి. అప్పుడు పల్లపు చోట్ల పునాదుల్లో చెమ్మ మొదలవుతుంది, దానికీ సిద్ధంగా ఉండాలి.

గ్రామం పేరు, సర్వే నంబరు ఉంటే కింద రాయండి. ఏ గని పరిధిలోకి వస్తుందో, ఏ ఆఫీసులో అడగాలో చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.